చెంచాకి అంటుకున్న మందు

కరువుసీమ సాంతియాగో ఎండల్లో పుట్టి, పాడిసీమ సాంతా ఫే పాలపొడి టవర్లకి పెద్ద మేస్త్రీ అయినవాడు రెమిహియో సల్వాతియెర్రా ఒక్కడే. ఆయన సొంతూరు బారియల్ ఆల్తోలో ఈ మాట కాదన్నవాడికి కూర్చోను కుర్చీ కూడా దొరకదు. నాలుగో తరగతితో బడి మానేసి, తన మేకల్ని మెడలో గంట చప్పుడు బట్టి గుర్తుపట్టిన పిల్లవాడు, పెద్దయ్యాక ఆకాశమంత ఎత్తున్న స్టీలు టవరుని కూడా చెవితోనే నడిపాడు.

ఆ టవరులో పైనుంచి పాలు తుంపరగా పడేవి. కింద చేరేసరికి పొడి. మధ్యలో వేడిగాలి. పాల పొడి అంటే ఇంతే అనుకుంటారు జనం. ఎంత ఉందో రెమిహియోకి తెలుసు. తుంపర చల్లే నాజిల్ ఈల కాస్త మారితే చాలు, కింద గదిలో సొరబుర్రలో మాతే ఆకు కషాయం గొట్టంతో పీలుస్తున్నవాడు బుర్ర పక్కన పెట్టి లేచేవాడు. టవరు గోడని అరచేత్తో ఒక్క చరుపు చరిచి, "అంటుకుంటోంది, వేడి దించండి" అనేవాడు. తలుపు తీసి చూస్తే పొడి గోడకి అట్టలా అంటుకునే ఉండేది. "వేడీ తడీ కలిస్తే పొడి అంటుకుంటుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండ్రా, మిగతాది యంత్రమే చూసుకుంటుంది" అని ఆయన నేర్పినవాళ్ళే ఇవాళ ఆ పాల ఊళ్ళన్నిటా మేస్త్రీలు. ఇటలీ నుంచి కొత్త యంత్రం బిగించడానికి వచ్చిన ఇంజనీరు వెళ్ళేరోజున తన టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టి వెళ్ళాడు. ఆ టోపీ ఇప్పటికీ ఉంది. వరదల్లో కరెంటు పోయి టవరు ఆగిపోయినప్పుడు, లోపల పాలు గడ్డకట్టకముందే చేత్తో వాల్వులు తిప్పి కాపాడినవాడూ ఆయనే. ఇవన్నీ ఆయన స్వయంగా, వరసగా, అడిగినా అడక్కపోయినా చెబుతాడు. ఒక్కటి కూడా అబద్ధం కాదు.

అలాంటి మనిషి రిటైరై, సాంతా ఫేలో తన ఇంటి వరండాలో కూర్చుని వీధిలో పోయే లారీల ఇంజన్ల చప్పుడుకి వంకలు పెడుతున్న రోజుల్లో, ప్రభుత్వ మందుల తయారీశాల నుంచి డాక్టర్ ఎల్విరా బొర్గారెల్లో వెతుక్కుంటూ వచ్చింది. సన్నగా, వేగంగా మాట్లాడే మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రెమిహియోగారూ, నాదగ్గర ఒక టవరుంది. చిన్నదే. మీకంటే కాస్త పొడుగు."

"పాలు పోస్తారా అమ్మా అందులో?"

"మందు పోస్తాను."

"టవర్లో మందా! ఏం మందు?"

"విన్చుకా మందు. పిల్లలకి."

మాతే గొట్టం పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది.

విన్చుకా పేరు ఎత్తితే ఆ ఇంట్లో ఎవరూ నవ్వరు. మట్టిగోడల పగుళ్ళలో, గడ్డి కప్పులో దాక్కుని, నిద్రపోయేవాళ్ళని కుట్టే పురుగు అది. కుట్టినప్పుడు ఏమీ తెలియదు. ఏళ్ళు గడిచాక గుండె ఉబ్బుతుంది. రెమిహియో అన్న అనీబాల్ అంతే. ఇనుములాంటి కెబ్రాచో చెట్టు దుంగ మీద గొడ్డలి ఎత్తినవాడు ఎత్తినట్టే ఒరిగిపోయాడు. ఇప్పుడు ఆ అనీబాల్ మనవరాలు, బడికి వెళ్ళే సెల్వాకి, రక్తపరీక్షలో అదే రోగమని తేలింది. పసితనంలో మందు పడితే రోగం వదిలిపోతుంది. ఆలస్యమైతే తాత దారే.

మందు లేక కాదు. ఉన్న మందుతోనే చిక్కు. పెద్దవాళ్ళ మాత్రని అనీబాల్ భార్య రొసావురా కత్తితో నాలుగు ముక్కలు చేసి, ఒక ముక్క నూరి, చెంచాలో కలిపేది. ఆ పొడి కరగదు. ఇసకలా అడుక్కి చేరుతుంది. ఒకరోజు ఇసకంతా పిల్ల నోట్లోకి పోయి ఒళ్ళంతా దద్దుర్లు. మర్నాడు అంతా చెంచాలోనే మిగిలి, తాగింది ఉత్త పానకం. బారియల్ ఆల్తోలో సగంమంది తల్లులు విసిగిపోయి మానేశారు. రొసావురా కూడా మానేసేలా ఉంది.

"ఆ మందుకి నీళ్ళంటే గిట్టదు" అంది డాక్టరమ్మ. ఈసారి కూర్చుంది. "దాని రేణువులు ఒకదాని చెయ్యి ఒకటి గట్టిగా పట్టుకుని పలుకులు కట్టి కూర్చుంటాయి. నీళ్ళని లోపలికి రానివ్వవు. స్పిరిట్‌లో కరిగించి ఆ చేతులు విడదీస్తాను. మధ్యలో బంక లాంటి ఒక పదార్థం కలిపి, మళ్ళీ కలుసుకోకుండా అడ్డం పెడతాను. కానీ మళ్ళీ పలుకు కట్టేలోపల ఆరిపోవాలి. నెమ్మదిగా ఆరితే అంతా మొదటికి వస్తుంది."

"ఎంతలోపల ఆరాలి?"

"కన్ను మూసి తెరిచేలోపల."

రెమిహియో బుర్ర కింద పెట్టాడు. టోపీ తీసుకున్నాడు. "నా దగ్గర పాలు అంతకన్నా తొందరగా ఆరేవమ్మా. పదండి."

ఆ చిన్న టవరు ముందు మొదటిరోజు నిలబడినప్పుడు ఆయనకి పడుచువాడిలా చేతులు దురద పెట్టాయి. గాజు గోడలు! జన్మంతా చెవితో విన్నది ఇప్పుడు కంటితో చూడొచ్చు. నాజిల్ తెరవగానే మంచు తెరలా తుంపర లేచింది. మరుక్షణం తుంపర లేదు, పొడి సుడి తిరుగుతోంది. "అదిగో! అదిగో!" అని అరిచాడు. డాక్టరమ్మ కూడా అరిచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని సిగ్గుపడ్డారు.

తర్వాత కష్టాలు మొదలయ్యాయి. బంక ఎక్కువైతే నాజిల్ పూడుకుపోయేది. తక్కువైతే పలుకులు తిరిగి కట్టేవి. రెమిహియో ఈల వింటూ గాలి సర్దేవాడు, డాక్టరమ్మ పాళ్ళు మార్చేది. ప్రతిసారీ చిటికెడు పొడి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసేవారు. పలుకులుంటే అద్దంలో నక్షత్రాల్లా మెరుస్తాయి. ఆ మెరుపులే శత్రువులు. ఒక మధ్యాహ్నం ఆవిడ అద్దానికి కన్ను ఆనించి ఎంతసేపటికీ తల ఎత్తలేదు.

"ఏమైందమ్మా? మళ్ళీ దీపావళేనా?" అనలేదు ఆయన, వాళ్ళ ఊరి పండగ పేరు పెట్టి, "మళ్ళీ సాన్ హువాన్ మంటలేనా?" అన్నాడు.

"చీకటి" అంది ఆవిడ. "ఒక్క మెరుపూ లేదు రెమిహియోగారూ. కటిక చీకటి!"

ఆ పొడిని గ్లాసుడు నీళ్ళలో వేశారు. అలా వేసి ఇలా తిప్పేసరికి మాయం. అడుగున ఇసక లేదు. గ్లాసు చేతులు మారింది, అందరూ వెలుగుకి ఎత్తి చూశారు, ఎవరో చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ ఒక్క ప్రశ్న అడిగింది.

"మీ ఊళ్ళో పిల్లలకి మందు దేంట్లో కలిపి ఇస్తారు?"

"నీళ్ళలోనమ్మా! ఇంకెందులో కలుపుతారు? ఆ ఊళ్ళో పుట్టినవాణ్ణి, నన్ను అడుగుతారేంటి!" అన్నాడు రెమిహియో, చంకలో వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే బుర్రతో.

బారియల్ ఆల్తో బడి వరండాలో తల్లులంతా చేరారు. వానలు మొదలైతే ఆ మట్టిదారి మూసుకుపోతుంది. ఆ తర్వాత ఆరోగ్యకేంద్రం బండి ఇక వచ్చే ఏడాదే. ఈలోపల పిల్లలకి మందు మొదలుపెట్టాలి. తల్లులు ఒప్పుకుంటేనే. రెమిహియో టోపీ సర్దుకుని లేచాడు. పాల టవరు గురించి చెప్పాడు. ఇటలీ ఇంజనీరు గురించి చెప్పాడు. వరద గురించి చెప్పబోతుంటే వెనకనుంచి రొసావురా గొంతు లేచింది.

"మరిదీ, ఆ వరద మాకందరికీ కంఠతా వచ్చు. ఈ ఊళ్ళో చుక్క వాన లేకపోయినా నీ నోటి వరదకి మాత్రం కొదవలేదు. పొట్లం ఇటివ్వు, ఇక్కడ నీళ్ళు మరుగుతున్నాయి."

అందరూ నవ్వారు. రెమిహియో కూడా నవ్వి పొట్లం ఇచ్చాడు. చూడనీ, చూస్తే తెలుస్తుంది అన్న ధీమా.

రొసావురా గిన్నెలో మాతే ఆకు, పంచదార వేసింది. పొయ్యిలోంచి ఎర్రటి నిప్పుకణిక పట్టకారుతో తీసి అందులో వదిలింది. పంచదార చిటపటమని, నల్లబడి, కమ్మటి పొగ లేచింది. పైన సలసల కాగే నీళ్ళు పోసి వడకట్టింది. ఇంత మేకపాలు. ఆ కాల్చిన మాతేని సెల్వా కప్పులో పోసి, ఆవిర్లు కక్కుతుండగానే పొట్లం చింపి దులిపింది.

"వదినా, అది నీళ్ళలో..." అనబోయాడు రెమిహియో.

అప్పటికే తిప్పుతోంది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టుకి చెంచా బరువెక్కింది. పైకి తీస్తే చెంచా చివర తేనెపట్టులా పసుపు ముద్ద వేలాడుతోంది. అది సాగింది గానీ తెగలేదు. మళ్ళీ కప్పులో దించి వదిలితే చెంచా నిటారుగా ఉండిపోయింది.

"తాతా! చెంచా దానంతట అదే నిలబడింది!" సెల్వా ఎగిరి గంతేసింది.

"ఏమయ్యా మరిదీ" అంది రొసావురా, ముద్దని ఆయన ముక్కు దాకా తెచ్చి. "ఇది పిల్లలకి మందా, చెప్పులకి బంకా? చెబితే నా చెప్పు తెచ్చుకుంటా, తెగి మూడు రోజులైంది."

వరండా అంతా గొల్లుమంది. రెమిహియో ముఖం కందిపోయింది. "వేడి మాతేలో ఎందుకు పోశావు? చల్లటి నీళ్ళలో పొయ్యాలి. శుభ్రంగా కరుగుతుంది, నా కళ్ళతో చూశాను."

"ఏ నీళ్ళు? బావిలో ఉప్పునీళ్ళా? అవి మేకలే తాగవు. మరిగించి, ఆకు వేసి, పంచదార కాలిస్తేగాని మనుషుల గొంతు దిగవు. ఈ ఊళ్ళో పచ్చినీళ్ళు పిల్లకి పట్టిన తల్లిని ఎప్పుడన్నా చూశావా? నిన్ను మీ అమ్మ దేంతో పెంచింది? ఐసు ముక్కలతోనా?"

పెంచింది కాల్చిన మాతేతోనే. పట్నంలో ఫ్రిజ్ కొన్నాక ఆ సంగతి నాలిక మరిచిపోయింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కప్పు తీసుకుని దాని గోడని వేలితో తాకింది. "వేడి" అంది. తర్వాత "తడి" అంది. ఆవిడ ఇంకేమీ అనకముందే మిగతాది రెమిహియో నోటివెంట దానంతట అదే వచ్చింది. "వేడీ తడీ కలిస్తే పొడి అంటుకుంటుంది." జన్మంతా ఊరందరికీ నేర్పిన ముక్క. టవరు దగ్గర గుర్తుంది, కప్పు దగ్గర గుర్తులేదు.

"పొట్లం మీద రాయిద్దాం, చల్లారాక కలపమని" అంది డాక్టరమ్మ.

"చల్లారేదాకా పిల్ల ఆగుతుందా, బడిగంట ఆగుతుందా?" అంది రొసావురా. ఈసారి వెక్కిరింత లేదు. "అమ్మా, మీరు దూరం నుంచి వచ్చారు, మీమీద నాకేం కోపం లేదు. కానీ మా ఆయన పోయినప్పుడు ఆ గొడ్డలి తీసి దాచింది నేను. ఈ పిల్ల విషయంలో నాకు ఇంకో ఆటవస్తువు వద్దు. తాగేదాంట్లో కరిగితే ఇవ్వండి. లేకపోతే లేదని చెప్పండి."

తల్లులు ఒకరొకరే లేచారు. రెమిహియో వంగి, ఆ ముద్ద పట్టిన చెంచా అడిగి తీసుకున్నాడు.

"నా చెంచా!" అంది రొసావురా.

"తిరిగిస్తాను వదినా."

తిరుగుదారిలో బండి దుమ్ములో ఊగుతోంది. డాక్టరమ్మ నడుపుతోంది. రెమిహియో చెంచా తిప్పి తిప్పి చూస్తున్నాడు. ముద్ద గట్టిపడి గాజులా అయింది. గోరుతో గీకితే రాలేదు. ఆయన మనసంతా రొసావురా గిన్నె చుట్టూ తిరుగుతోంది. ఆకు వేసింది, పంచదార వేసింది, కాల్చింది, నీళ్ళు పోసింది. అదే వేడి, అదే తడి. పంచదార మాత్రం ముద్ద కట్టలేదు. ఎప్పుడూ కట్టదు. వేడి తగిలితే ఇంకా సంబరంగా కరిగిపోతుంది.

"ఆపండి! బండి ఆపండమ్మా!"

ఆవిడ బ్రేకు తొక్కింది. "ఏమైంది? కడుపులో తిప్పుతోందా?"

"కడుపులో కాదు, బుర్రలో! పసిపిల్లల పాలపొడి చేసేటప్పుడు కింద నుంచి గాలి ఊది పొడిని పైకి లేపి ఆడించేవాళ్ళం. ఉడికే అన్నంలా ఆడేది. అలా పంచదార పలుకుల్ని ఆడిద్దాం. మన మందు ఉత్త గాలిలోకి ఎందుకు చల్లాలి? ఆ పలుకుల మీదకి చల్లుదాం! ఒక్కో పలుకుకీ పల్చటి పూత. వేడి మాతేలో పడితే లోపల పంచదార కరిగి జారుకుంటుంది. పైన ఉన్న పూతకి పక్కవాడి చెయ్యి అందితేగా అంటుకోవడానికి!"

డాక్టరమ్మ దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో ఒక పలుకు, దాని చుట్టూ పూత గీసింది. దూరాన మేకల మంద గంటలు. తర్వాత ఆవిడ కూడా వేగం అందుకుంది. "చాలదు. పూత పల్చనైనా ఈ బంక మెత్తబడుతుంది. బంక మార్చాలి. వేడికి లొంగనిది ఒకటుంది, మొదట్లో పక్కన పెట్టేశాను, నాజిల్లో పూడుకుపోతుందని..."

"నాజిల్ సంగతి నాకు వదిలెయ్యండి!"

"గాలి ఊదే యంత్రం మా గోడౌన్లో పాతది ఒకటుంది, పట్టా కప్పి. పనిచేస్తుందో లేదో..."

"పనిచేస్తుంది!" చూడకుండానే చెప్పాడు రెమిహియో. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతూ, ఒకరి మాట ఒకరు లాక్కుంటూ, పొద్దుగూకేలోపు సాంతా ఫే చేరారు. దారిలో కొన్న చిపాకో రొట్టె పొట్లం విప్పనేలేదు.

యంత్రం పనిచేసింది, ఆయన దాని మోటారు మొత్తం విప్పి మళ్ళీ బిగించాక. మొదటిసారి పంచదారంతా ఒకే ఇటుకగా తయారైంది. తర్వాత మందు పూత పట్టకుండా ఎగిరి జల్లెడగుడ్డకి చేరింది. రెమిహియో తుంపర సన్నం చేశాడు, గాలి పెంచాడు, మళ్ళీ తగ్గించాడు. యంత్రం అద్దానికి చెవి గట్టిగా ఆనించి వింటూ, "పాడుతోంది, పాడుతోంది, గొంతు సరిచేసుకుంటోంది" అనేవాడు. డాక్టరమ్మ బంక పాళ్ళని వెంట్రుకవాసి చొప్పున జరిపింది. చివరికి ఒక పూట పంచదార లేత పసుపు రంగులో, పలుకు పలుకు విడివిడిగా, చేతిలోంచి నీళ్ళలా జారింది. సూక్ష్మదర్శినిలో పంచదార మెరుపు తప్ప మందు మెరుపు లేదు.

"నీళ్ళలో వేద్దామా?" అన్నారెవరో.

"నీళ్ళెవడిక్కావాలి?" అని రెమిహియో పెరట్లోకి నడిచాడు. ఇటుకలు పేర్చాడు, కట్టెలు రాజేశాడు. పొగ చూసి కాపలావాడు బకెట్ నీళ్ళతో పరుగున వచ్చాడు. "ఒరేయ్, ఆగు! ఆర్పితే నిన్నే కాలుస్తా, ఇది ప్రయోగం!" పంచదార కాల్చి, నీళ్ళు పోసి, వడకట్టి, ఆవిరి ముక్కు కాలుస్తుండగా కొత్త పలుకులు వేసి తిప్పాడు. చెంచా తేలిగ్గా తిరిగింది. ఇంకా తిప్పాడు. అడుగున ఏమీ లేదు. డాక్టరమ్మ అడుగు గీకి చూసింది, వడకట్టి చూసింది, లోపలికి పట్టుకెళ్ళి కొలిచి చూసింది. తిరిగొచ్చేటప్పుడు నడవలేదు, పరిగెత్తింది. ఆ రోజు నుంచి ఆ శాలలో ప్రతి కొత్త మందునీ నీళ్ళతోపాటు కాల్చిన మాతేలో కూడా పరీక్షించాలని రూలు పెట్టించింది.

మబ్బులు కమ్ముకుంటుండగా బండి మళ్ళీ బారియల్ ఆల్తో చేరింది. వరండా నిండుగా లేదు. రొసావురా వచ్చింది, ఆవిడ వెంట మరికొందరు. రెమిహియో లేచి ప్రసంగం మొదలుపెట్టలేదు. పొట్లం వదిన చేతిలో పెట్టి ఊరుకున్నాడు.

"ఏంటి, ఇవాళ వరద రాలేదే?" అంది రొసావురా.

"ముందు నువ్వు కలుపు."

ఆవిడ ఆయన వైపే చూస్తూ నిప్పుకణిక వదిలింది. కావాలనే నీళ్ళు ఇంకాస్త మరిగించింది. పాలు పొయ్యలేదు, వేడి తగ్గకూడదని. పొట్లం దులిపి తిప్పింది. రెమిహియో టవరు గోడ మీద వేసినట్టే కప్పు గోడ మీద అరచెయ్యి వేశాడు. చెయ్యి చురుక్కుమంది, తీయలేదు. చెంచా తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. కప్పు గోడకి టింగుమని తగిలిన చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆ చప్పుడు ఆయనకి తెలుసు. అడ్డం లేని చప్పుడు.

సెల్వా ఊదుకుంటూ తాగింది. మొహం చిట్లించింది.

"చేదు."

"తాగు" అంది రొసావురా.

మొత్తం తాగి, కప్పుని తాత నెత్తి మీద బోర్లించింది. టోపీ మీద ఒక్క చుక్క పడలేదు. రొసావురా కప్పు లాక్కుని, అడుగున వేలు తిప్పి, బొటనవేలితో నలిపి చూసింది. ఇసక లేదు. బంక లేదు. ఇంకోసారి తిప్పింది. లేదు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకోలేదు, ఆవిడకి కొంగు లేదు, ముక్కు ఎగబీల్చి చేతి వెనక భాగంతో తుడుచుకుంది.

"రేపటిదీ ఎల్లుండిదీ అన్నీ ఇచ్చి పో. వాన వస్తోంది" అంది. తర్వాత వీధివైపు తిరిగి, మేకల మందని పిలిచినంత గొంతుతో, "ఓయ్, మానేసి ఇంట్లో కూర్చున్నవాళ్ళంతా రండి! మా మరిది మందు తెచ్చాడు, కరుగుతోంది!" అని అరిచింది.

వచ్చారు. పిల్లల్ని చంకనేసుకుని, చేత్తో లాక్కుంటూ వచ్చారు. డాక్టరమ్మ ఒక్కొక్కరికీ పొట్లాలు ఇస్తూ, ఎలా ఇవ్వాలో చెబుతూ ఊపిరి పీల్చుకోలేదు. మొదటి చినుకులు రేకుల మీద పడుతున్నాయి. అప్పుడు రెమిహియో సల్వాతియెర్రా గొంతు సవరించుకున్నాడు. టోపీ సరిచేసుకున్నాడు. పాల టవరు నుంచి మొదలుపెట్టాడు, ఇటలీ ఇంజనీరు, వరద, గాజు టవరు, కటిక చీకటి, బండి ఆపించడం, పెరట్లో నిప్పు. ఈసారి ఎవరూ అడ్డుపడలేదు. పిల్లలు కూడా నోరు తెరిచి విన్నారు. ఆయన అలా చెబుతూ చెబుతూ చెంచా నిలబడిన చోటికి వచ్చి, అది కూడా తన ఘనతల్లో ఒకటన్నట్టు ఛాతీ విరుచుకుని చెప్పాడు.

"అదంతా సరే" అంది రొసావురా, ఖాళీ కప్పు కడుగుతూ. "నా చెంచా ఏదీ?"

"ఆ ముద్ద దాన్నుంచి ఊడి రాలేదు వదినా. డాక్టరమ్మ టవరు పక్కన గోడకి మేకు కొట్టి తగిలించింది. ఇవ్వనంటోంది."

"అయితే గోడ మీద నా పేరు రాయించు" అంది రొసావురా. "నీ పేరు కింద కాదు. పైన."